కొసరు చేపల వయసు

రెండు చేపల గుంపులు ఎప్పుడు వేరుపడ్డాయో లెక్కగట్టడం నా పని. ఈ సంగతి ఇంట్లో పూర్తిగా చెప్పింది ఒక్కసారే. ఉక్కునగరం క్వార్టర్లో నాన్న బి షిఫ్టుకి బయల్దేరుతూ, క్యారేజీ సంచిలో పెట్టుకుంటూ అడిగాడు.

"ఇంతకీ అయి ఎప్పుడిడిపోనాయంటావు?"

"కొన్ని లక్షల ఏళ్ల కిందట."

"కచ్చితంగానా?"

"ఒక లక్ష అటూ ఇటూ ఉండొచ్చు."

నాన్న చెప్పులేసుకోవడం ఆపాడు. "అయిదు నిమిషాలు లేటైతే మా గేటుకాడ ఊరుకోరే! మీ కాడ లక్షేళ్లు తేడా వచ్చినా లోపలికి రానిత్తారా?"

"రానివ్వడమే కాదు, అచ్చు కూడా వేస్తారు."

రెండో చెప్పు కూడా వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నా చదువు గురించి అడగలేదు.

నిజానికి పద్ధతి అంత కష్టమైనదేమీ కాదు. ప్రతి ప్రాణి కణాల్లోనూ ఒక పొడవాటి రాత ఉంటుంది. తరం తర్వాత తరం దాన్ని నకలు తీసుకునేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. రెండు గుంపులు వేరుపడ్డాక ఎవరి తప్పులు వాళ్లవే. ఇద్దరి రాతలూ పక్కపక్కన పెట్టి, ఎన్ని తేడాలున్నాయో చూసి, తప్పులు పడే వేగాన్ని బట్టి వేరుపడి ఎంతకాలమైందో చెబుతాం. ఒకటి రెండు జన్యువులైతే నమ్మలేం కాబట్టి కొన్ని వేలు చూస్తాం. ఆ వేగం తెలియాలంటే మాత్రం కచ్చితంగా తెలిసిన కాలం ఒక్కటైనా ఉండాలి. దానికి శిలాజాలు కావాలి. మా బంధువుల్లో ఈ పని పెద్ద తుఫాను చేస్తుంది. ఏ అన్నదమ్ములు ఎప్పుడు వేరుకాపురం పెట్టారన్నా, తుఫానుకి ముందా వెనకా అన్నది తేల్చుకుని అక్కణ్ణుంచి లెక్కేసుకుంటారు.

నా చేప కానాగంత. ఎప్పుడో ఒక దొర ఈ తీరంలోనే జాలర్ల నోట విని రాసుకున్న ఆ పేరే కాస్త మారి దాని లాటిన్ పేరులో చేరింది. కాబట్టి శాస్త్రం మొదటిసారి మా వాళ్లనడిగే మొదలైంది. ఆ అలవాటు తర్వాత పోయింది.

తూర్పు తీరం కానాగంతలూ పడమటి తీరం కానాగంతలూ ఎప్పుడు వేరుపడ్డాయన్నది ప్రశ్న. పడమటి నమూనాలు వేరే చోటినుంచి రావాలి, ఇంకా రాలేదు. ఈలోపు తూర్పువి సేకరించమన్నారు మా గైడు మేడమ్. ఆవిడ పెట్టిన నియమం ఒకటే. జాలరిపేట తెప్పల మీద ఆ పొద్దుటే వచ్చిన చేపలే కొనాలి. గుడ్లు పెట్టే కాలమని వేసవిలో పెద్ద బోట్లను వేటకు పోనివ్వరు, తెప్పలు మాత్రమే వెళతాయి. అందుకని ఆ రెండు నెలల్లోనే కొనమన్నారు.

నేను ఒకే మామ్మ దగ్గర కొనేదాన్ని. కారణం శాస్త్రీయమైనది కాదు. ఆవిడతో బేరమాడక్కర్లేదు, అంతా ఆవిడే మాట్లాడుతుంది. మేడమ్ ప్రతిసారీ పది చేపలు తెమ్మంటే నేను పన్నెండు తెచ్చేదాన్ని. "చెప్పినదానికంటే రెండు ఎక్కువే తెస్తుంది, పని మీద శ్రద్ధ" అని ఒకసారి అందరి ముందూ అన్నారు. నాలుగేళ్లలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే. ఆ వాక్యం డైరీలో రాసుకున్నాను, తేదీతో సహా.

ఫలితాలు వచ్చినరోజు మేడమ్ కుర్చీలో కూర్చోలేకపోయారు. కంప్యూటర్ గీసిన వంశవృక్షంలో విశాఖ చేపలు రెండు కొమ్మలుగా చీలిపోయాయి. చూడ్డానికి ఒక్కలాగే ఉన్నా, వాటి మధ్య లక్షల ఏళ్ల దూరం.

"ఒకే సముద్రం, ఒకే వల, లక్షల ఏళ్లుగా ఒకరి గడప ఒకరు తొక్కని రెండు కుటుంబాలు! ఇది కొత్త జాతేనమ్మా. శుక్రవారం సెమినార్లో చెప్పేస్తున్నాం. మొదటి అయిదు నిమిషాలూ నువ్వే మాట్లాడాలి."

కొత్త జాతి కంటే ఆ అయిదు నిమిషాలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. అయినా ఇంటికెళ్లి, కొత్త చేపకు నాలుగు పేర్లు ఆలోచించి డైరీలో రాసుకున్నాను. నాలుగోది నాకు చాలా నచ్చింది.

సెమినార్ కోసం రెండో కొమ్మలోని చేపల పట్టిక తయారుచేస్తుంటే నంబర్లు కంటబడ్డాయి. సంచి ఒకటిలో, ఒకటో చేప, రెండో చేప. సంచి రెండులో, ఒకటో చేప, రెండో చేప. అన్ని సంచుల్లోనూ అంతే. లక్షల ఏళ్ల కిందట వేరుపడ్డ కుటుంబం, ఎన్నిసార్లు కొన్నా సంచిలో పైనే వచ్చి కూర్చుంది. నేను పైనుంచి ఒక్కొక్కటే తీసి నంబరు వేస్తాను. పైన ఏముంటుందో డైరీలోనే ఉంది: "మామ్మ ఈరోజు కూడా రెండు కొసరు వేసింది. ఎంత మంచిదో."

మర్నాడు పొద్దుటే జాలరిపేట వెళ్లాను.

"మామ్మా, వేసవిలో నాకు కొసరు వేసేదానివి కదా, ఆ చేపలు ఎక్కడివి?"

"ఏటి, పాడైపోనాయా?"

"లేదు, లేదు."

"మరేటి, కడుపునొప్పొచ్చిందా? నా సేప తిని ఎవులికీ కడుపునొప్పి రానేదు."

"నేను తినలేదు మామ్మా."

"తిన్నేదా? మరేటి సేసినావు?"

"చిన్న ముక్క కోసి సీసాలో పెట్టాను."

మామ్మ పక్క గంపామె వైపు తిరిగింది. "ఓలప్పా, ఇన్నావా? ఈ గుంట సేపల్ని సీసాలో పెడతాదట!"

"ఆవకాయేమోలే," అంది ఆమె తల తిప్పకుండానే.

నవ్వులయ్యాక మామ్మ చెప్పింది. "అయి ఐసు పెట్లోవమ్మా. బోట్లాగిపోతే పడమటేపు నుంచి లారీలొత్తాయి కదా. నువ్వు తెప్ప సేపలడిగినావు, తెప్పవే అమ్మినాను. కొసరు మాత్తరం లారీవి ఏసినాను. మోసమేటి సెయ్యనేదు."

"రెండిటికీ తేడా తెలుస్తుందా?"

"తెల్దేటి? ముప్పయ్యేళ్ల నుంచి ఏటమ్మతన్నాననుకున్నావు? నువ్వు సదూకున్నదానివి, నీకు తెల్దా?"

తెలీదు. వేల జన్యువులు చదవగలను గానీ గంపలో చేపను గుర్తుపట్టలేను. రావలసిన పడమటి నమూనాలు ఏడాది కిందటే కొసరుగా వచ్చేశాయి. వాటికి నంబర్లు వేసింది కూడా నేనే.

ఇక చెప్పడమొక్కటే మిగిలింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కొత్త జాతి ఉంటుంది, నా పేరూ ఉంటుంది, మెప్పు కూడా ఉంటుంది. చెప్పాలంటే మేడమ్ గదిలోకి వెళ్లి నోరు తెరవాలి. నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని బట్టీపట్టి వెళ్లాను. తీరా ఎదుటికెళ్లాక ఒక్క మాటే బయటికొచ్చింది.

"మేడమ్, కొసరు."

"ఏ కొసరు?"

పట్టిక ముందు పెట్టి, ఒకట్లూ రెళ్లూ వేలితో చూపించాను. మేడమ్‌ది ఆనందపురం దగ్గర వ్యవసాయ కుటుంబం, కొసరంటే వివరించనక్కర్లేదు. ఆ నంబర్లకు పెన్సిల్‌తో ఒక్కొక్కదానికే సున్నా చుట్టుకుంటూ వెళ్లారు.

"పది చెబితే పన్నెండెందుకొచ్చాయో నేనడగాల్సింది," అన్నారు చివరికి. "ప్రతి ఆదివారం నేనూ కొసరడిగే తెచ్చుకుంటాను. అయినా తట్టలేదు." ఆ తర్వాత, "శుక్రవారం ఇదే చెప్పు. అయిదు నిమిషాలు చాలకపోతే ఇంకో అయిదు తీసుకో."

చెప్పాను. మూడో నిమిషంలో హాలంతా నవ్వింది, కాని ఎవరూ నిద్రపోలేదు. ఇకముందు ఏం జాగ్రత్త తీసుకుంటారని ఎవరో అడిగారు. ఇక కొసరు తీసుకోబోమని జవాబిచ్చాను. కొత్త జాతి కంటే అదే పెద్ద ప్రకటన అని అప్పుడు తెలియలేదు.

మళ్లీ వేసవి వచ్చింది. మామ్మ పది చేపలు వేసి, మరో రెండిటి కోసం ఐసు పెట్టెలో చెయ్యి పెట్టింది. వద్దన్నాను.

మామ్మ చెయ్యి అక్కడే ఆగింది. "కొసరొద్దా? నానేటి తప్పు సేసినాను? కొసరొద్దన్నోళ్లకి నా కాడ బేరం నేదు, పో."

పది చేపలూ తిరిగి గంపలోకి వెళ్లిపోయాయి. నా సిద్ధాంత వ్యాసం కూడా వాటితోపాటే వెళ్లిందనిపించింది. అరగంట బతిమాలాక ఒప్పందం కుదిరింది. పది తెప్ప చేపలు ఒక సంచిలో, రెండు లారీ చేపలు ఇంకో సంచిలో. మొదటిది ప్రయోగశాలకి. రెండోది అమ్మకి.

ఆ రోజు నాన్నది ఎ షిఫ్టు, మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. అవి ఎక్కడి చేపలో నేనెవరికీ చెప్పలేదు. నాన్న పులుసులో ముక్క తుంచి ఒక ముద్ద తిని ఆగాడు.

"ఇది మనేపు సేప కాదే," అన్నాడు.

"కచ్చితంగానా?" అన్నాను.

"అందులో అటూ ఇటూ ఏటుంటాది?" అని ఇంకో ముక్క వేయించుకున్నాడు.