‘నడుస్తది’ అన్నారు, సమ్మతి అని రాశాను

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో హైటెక్ సిటీలోని ఒక ఇంపాక్ట్ ఫండ్‌లో ఫలితాల అంచనా విభాగానికి అధిపతిగా చేరాను. అంతకు ముందు ఉద్యోగమంతా గోదావరి జిల్లాల బ్యాంకు శాఖల్లోనే గడిచింది. సమాజానికి మేలు చేసే సంస్థల్లో పెట్టుబడి పెట్టి, లాభంతో పాటు ఆ మేలును కూడా కొలిచి చూపించమనేది ఇంపాక్ట్ ఫండ్. ఆ కొలవడమే నా పని. ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు నన్ను జీతం ఎంతని అడుగుతారు గానీ, ఎక్కడ బోల్తా పడతామని ఎవరూ అడగరు. నేను పడింది గోపన్‌పల్లిలో.

అక్కడ ఒక చిన్న సంస్థ, ఐటీ టవర్లలో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్ల పిల్లల కోసం శిశు సంరక్షణ కేంద్రం నడిపేది. తల్లులు పొద్దున ఆరున్నరకి పిల్లల్ని దించి, ఆ వీధి చివరే కంపెనీ బస్సు ఎక్కేవారు. పెట్టుబడికి మేము పెట్టిన షరతు ఒకటే: కేంద్రాన్ని కొన్ని కిలోమీటర్ల అవతల చందానగర్‌లోని పెద్ద భవనానికి మార్చాలి. అక్కడైతే ఇంకా చాలామంది పిల్లలు పడతారు. కానీ ఫైలు పెట్టుబడి కమిటీ ముందుకు వెళ్లాలంటే, ఇప్పుడున్న తల్లుల అభిప్రాయం తీసుకోవాలి. ఆ ఫారం తయారు చేసింది నేనే. అందులో మూడే గడులు: సమ్మతి, అభ్యంతరం, తెలియదు.

చేరిన నెలలోనే స్వయంగా గోపన్‌పల్లి వెళ్లాను. చంకలో ఏడాది పిల్లాడితో నిలబడిన సునీతను మొదట అడిగాను, “చందానగర్‌కి మారిస్తే మీకు ఫర్వాలేదా అండీ?” అని. ఆమె కాసేపు బస్సు వచ్చే దారి వైపు చూసి, “నడుస్తది మేడం,” అంది. తక్కినవాళ్లూ వరసగా అదే మాట. మాది భీమవరం. మా వైపు వ్యాపారం నడుస్తోందంటే బాగున్నట్టే లెక్క. అన్ని ఫారాల్లోనూ సమ్మతి గడిలో టిక్కు పెట్టి, గంటలో పని తెమిలిందని సంబరపడుతూ ఆఫీసుకి వచ్చాను.

ఆగస్టులో కేంద్రం మారింది. అక్టోబరులో తనిఖీకి వెళితే, పాత పిల్లల్లో ఒక్కరి పేరూ హాజరు పట్టీలో లేదు. మా ఫీల్డ్ అసిస్టెంట్ స్వరూపది సంగారెడ్డి. ఆమెకు పాత ఫారాలు చూపించాను.

“నడుస్తదంటే సరే అని కాదు మేడం. జర తిప్పలైనా ఎట్లనో ఎల్లదీస్తం అని. మీరు పెద్దోళ్లు, మొహం మీద కాదంటరా? ఎట్ల ఎల్లదీస్తరో మీరే అడగాలె గదా!” అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇద్దరం సునీత గదికి వెళ్లాం. ఆమె డ్యూటీలో ఉంది. తలుపు తీసింది పెద్దకూతురు మౌనిక, తమ్ముణ్ణి ఎత్తుకుని. బుధవారం, పొద్దున పదకొండు గంటలు. బడి లేదా అని అడిగాను.

“తమ్మున్ని ఎవలు చూస్తరు? చందానగర్ల ఇడిసిపెట్టి వచ్చేసరికి అమ్మకు బస్సు పోతది,” అంది, అది కూడా తెలియదా అన్నట్టు. నిజంగానే నాకు తెలియదు. ఆ పిల్ల ఆరో తరగతి. సిగ్గుతో చితికిపోయాను.

పాత చోట చిన్న కేంద్రం మళ్లీ తెరవాలని కోరుతూ కమిటీకి దిద్దుబాటు నోటు పంపాను. కొత్త కేంద్రం నిండింది, లక్ష్యం నెరవేరింది, ముగిసిన ఫైలు తిరగదోడలేమని డైరెక్టర్ జవాబిచ్చారు. ఫారాల మీద సంతకం నాదే గనుక ఆయన్ని తప్పుపట్టే మొహం నాకు లేకపోయింది. స్వరూప రెండుసార్లు మౌనిక బడికి వెళ్లి హెడ్‌మాస్టర్‌తో మాట్లాడింది. పేరైతే కొట్టేయలేదు. పిల్ల రాలేదు.

ఆ తర్వాత ఫారంలో సమ్మతి గడి తీసేశాను. దాని స్థానంలో “రేపటి నుంచి బిడ్డను ఎవరి దగ్గర వదులుతారు?” అన్న ప్రశ్న పెట్టాను. జవాబు ఒక మనిషి పేరై ఉండాలి. మేలు కొలవబోయేవాళ్లు, ‘ఒప్పుకుంటారా’ అని అడగకూడదు, ‘ఎలా గడుపుతారు’ అని అడగాలి. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. జూన్‌లోనే ఆ ప్రశ్న అడిగి ఉంటే, సునీత మౌనిక పేరు చెప్పేది.