గంజి పెట్టని తలపాగా

అబూధాబీలోని ఆ లాండ్రీలో తలపాగాలకు గంజి పెట్టే పని మొదటి నుంచీ పర్శరాములుదే. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన చాకలి మనిషి. దొర కొట్టిన దెబ్బలకు వాళ్ల నాయన నడుము మళ్లీ నిటారు కాలేదు. డెబ్బై ఎనిమిదిలో ఊరంతా ఒకచోట కూర్చుని దొరకు చాకలి, మంగలి బంద్ పెట్టినప్పుడు, దొర ఉండే గడి ముందు మాసిన బట్టలు గుట్టపడటం పర్శరాములు కళ్లారా చూశాడు. ఆ గుట్ట తలుచుకుంటే చాలు, ఇప్పటికీ కడుపు నిండినట్టుండేది.

పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే ఇద్రీస్‌ది సూడాన్. వాళ్ల పల్లెకు తుమ్మబంకే ఆధారం. దళారుల చేతికివ్వకుండా తామే అమ్ముకుందామని ఊరివాళ్లు చేతులెత్తి కమిటీని ఎన్నుకున్నారు, పెద్దగా ఇద్రీస్ అన్నను నిలబెట్టారు. మిగిలిన సొమ్ముతో ఊరి నడుమ బావి తవ్వాలని తీర్మానం. ఇంతలో జిల్లా అధికారి ఒకడు దిగి, పల్లెవాళ్లకు ఏలుకోవడం ఏం తెలుసని కమిటీని రద్దు చేశాడు. బావి అతని బావమరిది తోటలో పడింది. ఇదేమిటని అడిగిన అన్న ఠాణాలోనే చచ్చిపోయాడు. ఇదంతా ఇద్రీస్ క్యాంపు హిందీలో ముక్కలు ముక్కలుగా చెప్పినదే.

ఎనభై రెండు చలికాలంలో ఒక సాయంత్రం ఆ అధికారే కారు దిగి కొట్లోకి వచ్చాడు. ఆఫ్రికా అభివృద్ధి మీద సభకు వచ్చాడట. పెట్టె విమానంలో తప్పిపోయిందట. ఒంటి మీద అరువు చొక్కా. తన తెల్ల అంగీ, తలపాగా బల్ల మీద పడేసి, పొద్దున్నే కావాలన్నాడు. జనం తమను తామే ఏలుకోవాలని రేపు ఉపన్యసించబోతున్నానని లాండ్రీ నడిపే ముదీర్ హయాత్ బాషాతో గొప్పలు పోయాడు. ఎదురుగా ఉన్న ఇద్రీస్‌ను చూశాడు గాని, పోల్చుకోలేదు. తొక్కిన చీమను ఎవడు గుర్తు పెట్టుకుంటాడు?

కారు కదలగానే ఇద్రీస్, ఆ అధికారి వీడేనంటూ కాలుతున్న ఇస్త్రీపెట్టెను ఆ బట్టల మీదికి ఎత్తాడు. పర్శరాములు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“కాలవెట్టకు భాయ్. పోలీసోల్లు నిన్నే వట్కపోతరు. ఉతకకుంట ఇద్దాం. మా దొర దేనికీ ఏడ్వలే, దానికి ఏడ్సిండు.”

అయితే ఊరు ఒక్కమాట మీద ఉంటేనే బంద్ నిలుస్తుంది. కాబట్టి తొట్ల దగ్గరి మలయాళీలను, పఠాన్లను పిలిచారు. ఇద్రీస్ నిలబడి అన్న సంగతి చెప్పాడు. సబ్బునీళ్లు కారుతున్న చేతులు ఒక్కొక్కటే లేచాయి.

హయాత్ బాషా కడప మనిషి. తల పట్టుకున్నాడు. “ఏందప్పా ఇది? నీ వీసా మన యజమాని కఫీల్ చేతిలో ఉండాది. ఆయన ఖలాస్, ఇంటికి పో అంటే నేనేం జేసేది?”

“మీరు చెయ్యి లేపకుండ్రి బాషా సాబ్. మమ్ముల దించుమనకుండ్రి. గంతే సాలు.”

బాషా నమాజుకు వెళ్లిపోయాడు.

తెల్లారి అధికారి వచ్చి మూట విప్పాడు. మడతలు చక్కగా ఉన్నాయి. మడత విప్పితే మెడపట్టీకి చెమట జిడ్డు, తలపాగా అంచున కూర మరక. సభకు వేళయింది. అరిచాడు, ఎవరూ తలెత్తలేదు. ఎందుకని అడిగినప్పుడు ఇద్రీస్ అరబ్బీలో అన్న పేరూ ఊరి పేరూ చెప్పాడు. ఇది మా కమిటీ తీర్మానం అన్నాడు. అధికారి మూట చుట్టుకుని కారెక్కాడు.

ఆ బట్టల్లోనే వేదికెక్కాడు. పక్కవాళ్లు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారని, మరక మీద చెయ్యి కప్పుకునే మాట్లాడాడని అతని డ్రైవరు వచ్చి చెప్పాడు. ఇద్రీస్ చాయ్ తాగిస్తూ అదే ముచ్చట మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

కఫీల్ విచారిస్తే, గంజి పని నాదే, తప్పూ నాదేనన్నాడు పర్శరాములు. వీసా రద్దయింది. సాగనంపడానికి విమానాశ్రయానికి వచ్చిన ఇద్రీస్, నీ బతుకు నా వల్ల పోయిందని కళ్లు తుడుచుకున్నాడు.

“గదేం లేదు భాయ్. ఒక్కటే మనసుల గెలుకుతాంది,” అన్నాడు పర్శరాములు. “ఈ పాడు చేతులు అలవాటున మాసిన తలపాగను గుడ మంచిగ మడత వెట్టినయ్. ముద్దజేసి మొకాన కొట్టాల్సుండె.”