అత్తకి రెండు టీలు

ఆ రోజుల్లో నాకు ఇరవై ఒక్క ఏళ్లు. చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, మెడలో షాపువాళ్లిచ్చిన గుర్తింపు కార్డు. ఈ రెండూ ఉంటే లోకంలో నేను కలపలేని వైరు లేదని గట్టి నమ్మకం. (మా నాన్నకి మాత్రం ఆ నమ్మకం లేదు. మిక్సీ పాడైతే నాకు చెప్పకుండా సంచిలో పెట్టుకుని బజారుకి పట్టుకెళ్లేవాడు.) వినుకొండలో సీసీ కెమెరాలు అమ్మి బిగించే షాపులో అది నా మొదటి ఉద్యోగం. మా ఓనరు గారి చొక్కా జేబులో పెన్నుకి బదులు ఎప్పుడూ టెస్టరు ఉండేది కాబట్టి చాటుగా ఆయన్ని టెస్టరు గారనేవాళ్లం. ఆరు నెలలపాటు ఆయన నన్ను కౌంటరు దాటనివ్వలేదు. ఆడపిల్లని నిచ్చెనెక్కిస్తే ఊళ్లోవాళ్లు ఏమంటారోనని ఆయన భయం. ఎప్పటికీ ఎక్కించరేమోనని నా భయం.

ఒకరోజు ఆయన బండి మీంచి పడి కాలు బెణికించుకున్నారు. మిగతా ఇద్దరూ వేరే పనుల మీద వెళ్లిపోయారు. "అమ్మాయ్, దర్శి దగ్గర ఒక ఊళ్లో మిరపకాయల కల్లానికి కెమెరా పెట్టాలి..." అని ఆయన మొదలుపెట్టగానే "వెళ్తానండి" అన్నాను. "పూర్తిగా విను. గోడకి బిగించడం పని కాదు, నెట్‌కి కలిపి వాళ్ల ఫోన్లో బొమ్మ చూపించడం పని. అయ్యాక సర్వీసు కార్డు మీద వివరాలన్నీ రాసి సంతకం పెట్టించుకురా. సరిగ్గా చేశావా, ఇక నుంచి బయట పనులు నీవే. చెయ్యలేదా, కౌంటర్లోనే వైర్లు కొలుచుకుంటూ కూర్చో." నేను డ్రిల్లింగు మిషను సంచీలో పెట్టుకుని బస్సెక్కాను.

ఊళ్లో దిగి ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ఇంటావిడ గొంతు బస్సు ఆగిన చోటికే వినిపిస్తోంది. ఊరంతా ఆవిణ్ణి పెద్దమ్మ అంటారు. భర్త పోయాక మిరప, పత్తి తనే దగ్గరుండి సాగు చేయిస్తోంది. ఇంటి వెనక కల్లంలో ఎర్రగా పరిచిన కాయలు, వాటి చుట్టూ రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న పదిమంది ఆడవాళ్లు. కిందటేడు అక్కణ్ణించి నాలుగు బస్తాలు మాయమయ్యాయట, అందుకే కెమెరా.

"కెమెరా పెట్టేవాళ్లేరి?" అంది పెద్దమ్మ.

"నేనేనండి."

ఆవిడ నా వెనక్కి తొంగిచూసింది. "మరి నిచ్చెన ఎవరెక్కుతారు?"

"నేనేనండి."

"ఏమేవ్, ఎవరన్నా వచ్చి నిచ్చెన పట్టుకోండే! పిల్ల పడితే వాళ్లమ్మకి నేను చెప్పుకోవాలి!" అని ఆవిడ అరిచిన అరుపుకి, ఇంకా ఎక్కకుండానే నేను పడబోయాను.

చున్నీ నడుముకి బిగించి ఎక్కాను. కూలీల మేస్త్రమ్మ వచ్చి నిచ్చెన పట్టుకుంది. గోడకి రంధ్రం చేస్తుంటే మిరప ఘాటుకి తుమ్ములు. తుమ్మినప్పుడల్లా రంధ్రం కాస్త పెద్దదయ్యేది. (ఆ గోడకి నాలుగు స్క్రూలు చాలు. పదకొండు రంధ్రాలున్నాయి.) ఎలాగో బిగించి, కరెంటిచ్చి, నా ఫోన్లో చూసుకుంటే కల్లంలో అందరూ తలకిందులుగా కూర్చుని ఉన్నారు. "ఇదేంటమ్మో, మమ్మల్ని గబ్బిలాల్లాగా వేలాడదీశావ్!" అని మేస్త్రమ్మ నవ్వితే కల్లమంతా నవ్వింది. కెమెరాని తిప్పి బిగించాను. అంతవరకూ వచ్చిన కష్టాలన్నీ నేను తెచ్చుకున్నవే. అసలు కష్టం నెట్‌కి కలపబోయినప్పుడు వచ్చింది.

ఇంట్లో కిటికీ పక్కన వైఫై పెట్టె ఉంది, సిగ్నలు బాగానే ఉంది. పాస్‌వర్డు ఎవరికీ తెలీదు. "మా అల్లుడు పెట్టాడు" అంది పెద్దమ్మ, ఆ రోజు మొదటిసారి కాస్త మెల్లగా. ఫోన్ కోసం ఆవిడ లోపలికి వెళ్లగానే మేస్త్రమ్మ నిచ్చెన కింద నుంచి గుసగుసగా చెప్పింది. కూతురూ అల్లుడూ మంగళగిరిలో ఉంటారు. పోయిన సీజన్లో రెండు నెలలు ఇక్కడే ఉండి, అల్లుడు ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకున్నాడు. ఒకరోజు కారు వెనక్కి తీస్తూ ఆరబోసిన కాయల మీదకి ఎక్కించేశాడు. పెద్దమ్మ కూలీలందరి ముందూ నోటికొచ్చినట్టు కేకలేసింది. మర్నాడే వెళ్లిపోయారు. అప్పట్నించీ ఈ గడప తొక్కలేదు.

పెద్దమ్మ అల్లుడికి కలిపి, ఫోన్ స్పీకర్లో పెట్టి నిచ్చెన కింద నిలబడింది.

"అల్లుడు గారూ, బాగున్నారా? కెమెరా పెట్టిస్తున్నాం. వైఫైకి ఏదో మాట కావాలంట, చెప్పండి."

అవతల ఆయన నసిగాడు. "అత్తయ్య గారూ, అదీ... నేను మెసేజ్ పెడతానులెండి."

"మెసేజ్ ఎందుకూ, పిల్ల ఎండలో నిచ్చెన మీదుంది! చెప్పండి!"

"స్పీకరు తీసేసి ఆ అమ్మాయికి ఇవ్వండి."

ఫోన్ అందుకుని, స్పీకరు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, "చూడమ్మా, ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి. నేను మీటింగులో ఉంటే ఆవిడ కేకలు మా ఆఫీసంతా వినేది. ఆ విసుగులో పెట్టాను" అని, ఒక్కో ఇంగ్లీషు అక్షరమే చెప్పాడు. నా ఫోన్లో కొడుతూ వెళ్లాను. చివరి అక్షరం కొట్టి చదువుకుంటే అది "అత్త నోరు ఆగదు".

నవ్వు ఆపుకోవడానికి నేను పడ్డ పాట్లు మేస్త్రమ్మకి నిచ్చెన ఊగడంలో తెలిసే ఉంటాయి. "ఏంటమ్మాయ్?" అని పెద్దమ్మ అడిగితే "తుమ్మండీ" అన్నాను. ఫోన్లో వచ్చిన క్యూఆర్ కోడ్ గళ్ల బొమ్మ కెమెరాకి చూపించగానే పచ్చదీపం వెలిగింది. పెద్దమ్మ ఫోన్లో కల్లం, కాయలు, మనుషులు నిలువుగా, స్పష్టంగా కనిపించాయి. నా ఆనందానికి హద్దుల్లేవు. టెస్టరు గారు చెప్పింది చెప్పినట్టు కార్డు తీసి తారీఖు, కెమెరా నంబరు, వైఫై పేరు, ఆ కింద గళ్లలో పాస్‌వర్డు, ముత్యాల్లాంటి పెద్దక్షరాలతో నింపి, "సంతకం పెట్టండి పెద్దమ్మా" అని ఆవిడ చేతికే ఇచ్చాను.

ఇచ్చాక గుర్తొచ్చింది.

ఆవిడ పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఏ కాయితమూ చదవకుండా సంతకం పెట్టదట. కళ్లజోడు పెట్టుకుని, "ఎ, టి, హెచ్, ఎ..." అని వేలు పెట్టి మొదలుపెట్టింది. లాక్కుందామా అంటే మర్యాద కాదు. పారిపోదామా అంటే సంచీ లోపలుంది. వేలు చివరి గడి దగ్గర ఆగింది. పెదాలు మళ్లీ మొదటి నుంచి కదిలాయి. పొద్దుట్నించీ ఆగని గొంతు ఆగేసరికి కాయలేరేవాళ్లు కూడా చేతులాపి చూశారు. నా ఉద్యోగం సంగతి తర్వాత, ఒక కాపురంలో నిప్పులు పోశానని నాకు ఏడుపొచ్చేసింది.

పెద్దమ్మ ఫోన్ తీసి, స్పీకర్లో పెట్టి మళ్లీ అల్లుడికి కలిపింది. "అల్లుడు గారూ, చదివాను."

"ఏం చదివారండీ?" అన్నాడాయన.

"అత్తకి రెండు టీలు కదండీ? ఒకటే పెట్టారేం?"

"అత్తయ్యా... అదీ..."

"నోరు ఆగదు అన్నది మాత్రం తప్పు లేకుండా రాశారు" అని ఆవిడ ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు కూడా బస్సాగే చోటికి వినిపించే ఉంటుంది. ఫోన్లోంచి ఆయనా నవ్వడం మొదలుపెట్టాడు, ముందు భయంగా, తర్వాత ధారాళంగా. (రెండు టీలు అన్నమాట ఒక్కటే చెవినబడ్డ మేస్త్రమ్మ లోపలికి వెళ్లి నిజంగానే రెండు టీలు పెట్టుకొచ్చింది. ఒకటి నేను తాగాను.)

ఫోన్ పెట్టేశాక పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. "మీ పెదనాన్న పోయాక ఈ సేద్యమంతా నోటితోనే నెట్టుకొచ్చానమ్మా. ఎక్కడ ఆపాలో తెలీకుండా పోయింది" అంది. తర్వాత, "ఆ మాట మార్చొచ్చా?" అని అడిగింది.

"మార్చొచ్చండి. ఏం పెట్టమంటారు?"

కార్డు వెనక తనే ఒక్కో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుని రాసింది: "అల్లుడు గారూ రండి".

"ఇది ఆయనకి మెసేజ్ పెట్టు. నోటితో చెప్పలేను" అంది, అంత గొంతున్న మనిషి.

పాస్‌వర్డు మారిస్తే కెమెరా మళ్లీ మొదటికొస్తుందన్న సంగతి మార్చాకే గుర్తొచ్చింది. మళ్లీ నిచ్చెన, మళ్లీ గళ్ల బొమ్మ, మళ్లీ తుమ్ములు.

రెండు వారాలకి షాపుకి ఫోనొచ్చింది, కెమెరా పనిచేయడం లేదని. సంచీ తీసుకుని వెళ్లాను. కెమెరా నిక్షేపంగా ఉంది. వసారాలో కూతురూ అల్లుడూ కూర్చుని ఉన్నారు. "ఊరికే రమ్మంటే మీ ఓనరు పంపడని అలా చెప్పా. భోంచేసి వెళ్దువుగాని" అంది పెద్దమ్మ. అల్లుడు గారు నాకు మంచినీళ్లందిస్తూ మెల్లగా, "పాస్‌వర్డు కార్డు మీద రాయడం మీ షాపు రూలా అండీ?" అని అడిగారు. "అవునండి" అన్నాను. "మంచి రూలే లెండి" అన్నారు.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. పాస్‌వర్డు ఎవరిదైనా సరే కాయితం మీద రాయను, ఎవరినీ రాయనివ్వను. ఇంటివాళ్లే కొట్టుకోవాలి, నేను మొహం పక్కకి తిప్పుకుంటాను. అదే సరైన పద్ధతి. ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదు. భోజనానికి పిలుపు కూడా ఒక్కటీ రాలేదు. ఒక్కోసారి మొహం అలా పక్కకి తిప్పుకుని నిలబడ్డప్పుడు, ముత్యాల్లాంటి అక్షరాలతో కార్డు నింపుతున్న ఆ తెలివితక్కువ పిల్ల గుర్తొచ్చి, దానికున్న హస్తవాసి నాకిప్పుడు లేదే అనుకుని నవ్వుకుంటాను.