రూప్‌సింగ్ అడిగిన మస్టర్లు

ఇల్లందు దగ్గరి తండాలో రూప్‌సింగ్‌ను "మీ సువర్ణ ఏం పని చేస్తది?" అని ఎవరైనా అడిగితే, ఆయన ముందు తువ్వాలు దులిపి భుజాన వేసుకునేవాడు. తర్వాత "బెంగుళూరుల బదిలీ పని చేస్తుంది" అనేవాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు.

ఆయనకు తెలిసింది బొగ్గుబావి. చేరిన కొత్తలో ఏడేళ్లు బదిలీ ఫిల్లరు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, ఎవరైనా నాగా పెడితే వాళ్ల జాగాలో దిగి టబ్బుల్లో బొగ్గు నింపాలి. దిగిన రోజుకొక మస్టర్, అంటే హాజరు. సరిపడా మస్టర్లు నిండితే పర్మనెంటు. ఆ తర్వాత టింబర్‌మన్ అయ్యాడు. బావిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని.

అందుకే 2005లో, పీహెచ్‌డీ అయిపోయిన కూతురు సువర్ణ పోస్ట్‌డాక్ అనే పరిశోధన ఉద్యోగానికి బెంగుళూరు బయలుదేరుతూ "రెండేండ్ల కాంట్రాక్టు బా, అటెనుక ఏమయితదో" అంటే, ఆయనకు సంగతంతా తెలిసిపోయినట్టే అనిపించింది. ఇక ప్రతి ఆదివారం ఫోన్లో ఒకటే ప్రశ్న.

"ఎన్ని మస్టర్లయినయ్ బేటీ?"

మొదట్లో సువర్ణ విడమరిచి చెప్పబోయింది. ఎంత విన్నా ఆయనకు పట్టుకునే కొస దొరకలేదు. చివరికి ఆమె కూడా నోటికొచ్చిన అంకె చెప్పడం మొదలుపెట్టింది. తీజ్ పండుగకు వస్తానంటే మస్టర్ పోతుందని ఆయనే వద్దన్నాడు. పెళ్లికాని ఆడపిల్లలు పెంచాల్సిన గోధుమ మొలకల బుట్టకు, రెండేళ్లూ తల్లి కమ్లి తానే నీళ్లు పోసింది.

2007 వానల్లో సువర్ణ చెప్పకుండా వచ్చి వాకిట్లో నిలబడింది.

"రెండేండ్లు నిండినయ్ బా. ఖమ్మంల ఒక ఇంజనీరింగ్ కాలేజీ పర్మనెంటు ఇస్తనంటుంది. చెన్నైల ఇంకోతాన మళ్ల రెండేండ్ల పోస్ట్‌డాక్. రేపటికల్ల చెప్పాలె. నాకేం తోస్తలేదు."

"తోచకపోవుడేంది? నాలుగు వందల డెబ్బై మస్టర్లున్నయ్ గద. బెంగుళూరుల్నే పర్మనెంటు అడుగు."

సువర్ణ తల వంచుకుంది. "ఆడ మస్టరే ఉండది బా. అవన్ని నేను ఊకనే చెప్పిన."

రూప్‌సింగ్‌కు కోపం రావడానికి కూడా దారి కనిపించలేదు. "మస్టర్ లేకపోతే నువ్వు పనికొచ్చినట్టు వాళ్లకెట్ల తెలుస్తది?"

"పని చూస్తే తెలుస్తది."

"ఎవరి జాగాల చేసినవ్? ఎవరు నాగా పెట్టిన్రు?"

"ఎవరు పెట్టలె."

"ఎవరు నాగా పెట్టకపోతే బదిలీని ఎందుకు పెట్టుకున్నరు? పోనీ, మిషన్ పని అన్నవ్ గద. అదన్న నడుస్తుందా?"

"క్వాంటమ్ కంప్యూటర్ బా. పనికొచ్చేంత పెద్దది ఇంకెవరు చెయ్యలె. జెర వేడి తగిలినా, ఇంత కదిలినా తప్పుల మీద తప్పులు చేస్తది. ఆ తప్పులు ఎట్ల దిద్దాలె అని నేను చూస్తున్న."

"లేని మిషన్‌కు రిపేరా?"

రొట్టెలు కొడుతున్న కమ్లి నవ్వింది. "లేని మస్టర్లు రెండేండ్లు నమ్మినోనివి, లేని మిషన్ నమ్మనీకేమైంది?"

మర్నాడు పొద్దున ఆయన వేపపుల్ల నములుతూ కూతురి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"మేం కప్పు కూలినంక దుంగ పెట్టం. కూలకముందే పెడ్తం. నీది గట్లనా?"

"అవ్ బా, గట్లనే."

"గట్లనే ఎట్లయితది? నాకు కప్పన్న ఉండె. నీకు అదీ లేకపాయె." పుల్ల తీసి పక్కన పెట్టాడు. "ఖమ్మంల చేరితే ఈ పని చేయనిస్తరా?"

"పాఠాలతోనే సరిపోతది. ఇది ఇడిసిపెట్టుడే."

ఆయన నోటి నుంచి పర్మనెంటు అన్న మాట వస్తుందనే సువర్ణ ఎదురుచూసింది.

"నాకు తెల్వది బిడ్డా. తెల్వనిదానికి అవ్ అనలేను, కాదనలేను. నువ్వే తేల్చుకో. కాని ఈసారి తీజ్‌కు రా. మీ యాడికి బుట్టకు నీళ్లు పోసుడు తప్పాలె."

సువర్ణ ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం రోడ్డు దాకా నడిచింది. తిరిగొచ్చి, "చెన్నైకి వస్తనని చెప్పిన" అంది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఆమె చెన్నైలో చేరిన మొదటి ఆదివారం ఫోను మోగింది. "ఎన్ని..." అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయాడు.

"మిషన్ తయారైందా బేటీ?"

"ఇంకా లేదు బా."

"మంచిది," అన్నాడు రూప్‌సింగ్. "అయితే పనుంది."