ముందు అంటే ఎటు?

రిటైరైన తెలుగు మాస్టారు రోజూ పొద్దున్నే పాత కారు బానెట్ ఎత్తి, పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు చెవి ఒగ్గి ఇంజన్ చప్పుడు వింటారు. "ఈసారీ కదలకపోతే పాత ఇనుముకి ఇచ్చేస్తా" అని భార్య తేల్చిచెప్పిన రోజున, మెకానిక్ ఫోన్లో, "ఇంజన్ పక్కనున్న డిస్ట్రిబ్యూటర్ డబ్బా తిప్పి స్పార్కు కాస్త ముందుకు తెండి మాస్టారూ" అన్నాడు. ఆయన దాన్ని ముందు బంపరు వైపు తిప్పి కారు స్టార్ట్ చేశారు. కారు పొగగొట్టం ఢామ్మని మోగి, వెనక ఆరేసిన భార్య చీర నిండా మసి కక్కింది.

"బంపరు వైపు కాదండీ! స్పార్కు ఇంకాస్త ముందే పడాలి, అవతలికి తిప్పండి" అని సంగతి విన్న మెకానిక్ ఫోన్లోనే నవ్వాడు.

"ముందంటే చోటా, కాలమా అని ముప్పయ్యేళ్లు పిల్లలకి నేర్పాను. నాకే సున్నా" అన్నారు మాస్టారు.

"బెంచీ తర్వాత ఎక్కుదురుగాని, ముందు చీర ఉతకండి" అంది ఆవిడ.

ఇప్పుడు కారు రోజూ కదులుతోంది. చీరలు కారుకి ముందువైపే ఆరుతున్నాయి, ఆరేసేది మాస్టారే.