జవాబులు ఎక్కించే సమయం

ఈ విషయమై నేను అప్పట్లోనే స్కూలు యాజమాన్యానికి రెండు ఉత్తరాలు రాశాను. రెండింటికీ రాతపూర్వకంగా జవాబు రాలేదు. ఉత్తరాల మర్యాదలో ఇమడని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. వాటిని ఇక్కడ రాస్తున్నాను.

విదేశీ విద్యార్థులు కెనడాకు వెల్లువగా వచ్చిన సంవత్సరాలవి. మార్కమ్‌లో మేముండే వీధికి దగ్గర్లో, ఐటీ కంపెనీల ఆఫీసుల నడుమ, ఒక భవనం పై అంతస్తులో ప్రైవేటు హైస్కూలు ఒకటి నడిచేది. కింద పళ్ల డాక్టరు క్లినిక్. స్కూలు పిల్లల్లో ఎక్కువమంది చైనా నుంచి ఒంటరిగా వచ్చి, ఎవరి ఇళ్లలోనో గది తీసుకుని ఉంటున్నవాళ్లు. ప్రతి టర్ము మొదట్లో వాళ్లకొక పరీక్ష పెట్టేవారు. ఇంగ్లిష్ విని ఎంత గ్రహిస్తారు, చదివి ఎంత గ్రహిస్తారు అన్నది కొలిచే పరీక్ష. ఎవరు పన్నెండో తరగతిలో కూర్చోవాలో, ఎవరు ఇంకో ఏడాది భాషా తరగతుల్లో ఉండిపోవాలో ఆ మార్కులే తేల్చేవి.

ఆంధ్రలో జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైన నన్ను ఆ పరీక్షకు ఇన్విజిలేటర్‌గా పెట్టుకున్నారు. నేను ఒప్పుకున్ననాడు మా ఆవిడ అంది: "అక్కడా కాపలాయే, ఇక్కడా కాపలాయే. ఎదురుగా నలుగురు భయపడుతూ పరీక్ష రాస్తుంటే తప్ప మీకు తిన్నది అరగదు కాబోలు."

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే భయం విషయంలో ఆమె చెప్పింది నిజం. మా ఇంటర్మీడియట్ పరీక్షల్లో స్క్వాడ్ జీపు గేటు దగ్గర ఆగగానే ఏ తప్పూ చేయని పిల్లలు కూడా చెమటలు పట్టి జేబులు తడుముకునేవారు. మార్కమ్ హాల్లో జీపు లేదు. అయినా ఆ పిల్లలు కోట్లు విప్పకుండానే కూర్చునేవారు. వేణ్ణీళ్ల ఫ్లాస్కులు బల్ల కింద పెట్టుకుని, మూత తీసే ధైర్యం లేక, పరీక్ష అయ్యేదాకా దాహంతోనే ఉండేవారు.

పరీక్ష నిబంధనలు సులువుగానే ఉండేవి. స్పీకరులో సంభాషణలు ఒక్కసారే వినిపిస్తారు. ప్రశ్నల పుస్తకం వేరు, జవాబుల షీటు వేరు. వినే భాగం పూర్తికాగానే చదివే భాగం మొదలవుతుంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి వినే భాగం జవాబులు ముట్టుకుంటే అది మాల్‌ప్రాక్టీస్.

ఏ పరీక్ష పెట్టినా నేను గమనించిన విషయాలు ఇంటికొచ్చి రాసి పెట్టుకుంటాను. అలా రాస్తుండగా ఒకటి కనిపించింది. చదవడంలో చక్కని మార్కులు తెచ్చుకునే పిల్లలే వినడంలో సగం జవాబులు ఖాళీగా వదిలేస్తున్నారు. వైస్ ప్రిన్సిపాల్‌కు చెబితే ఆయన నవ్వేశాడు. "వాళ్లకు కళ్లు పనిచేసినట్టు చెవులు పనిచేయవు" అన్నాడు. ఒక విద్యాసంస్థలో రెండో స్థానంలో ఉన్న మనిషి పిల్లల గురించి అనవలసిన మాటేనా అది? అదే పిల్లలు వరండాలో ఆయన వేగంగా విసిరే ఆదేశాలను తూచా తప్పకుండా పాటించడం నేను రోజూ చూస్తున్నాను. చెవులు పనిచేయకపోతే అదెలా సాధ్యం?

ఫిబ్రవరిలో ఒక శనివారం. కిటికీల బయట మంచు. మూడో వరుస చివర ఒక చైనా అమ్మాయి కూర్చుంది. పదిహేడేళ్లుంటాయి, గుండ్రటి కళ్లద్దాలు, చేతికి చిన్న ఎర్రదారం. స్పీకరు మొదలైంది. ఆ అమ్మాయి పెన్సిలు ప్రశ్నల పుస్తకం అంచున చిన్నచిన్న అక్షరాలు వేస్తూ పోయింది. జవాబుల షీటు పక్కనే తెల్లగా ఉంది. వినే భాగం ముగిసింది. పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టమని స్పీకరు చెప్పింది. ఆమె తిప్పలేదు. తలెత్తి గోడ మీదికి చూసింది. చుట్టూ అందరూ చదవడంలో పడ్డాక ఆమె ముఖం పాలిపోయింది. పుస్తకం వెనక్కి తిప్పి, అంచున ఉన్న అక్షరాలను గబగబా షీటు మీదికి ఎక్కించసాగింది.

నేను ఆమె దగ్గరికి చేరేలోపే తలుపు దగ్గర నిలబడి ఉన్న వైస్ ప్రిన్సిపాల్ హాలు మధ్యలోంచి నడిచి వచ్చి ఆ షీటు లాగేసుకున్నాడు. ఆమె గొడవ పడలేదు, ఏడవలేదు. ఖాళీ అయిన బల్ల మీద చేతులు అలాగే ఉంచుకుని కూర్చుంది. పట్టుబడిన పిల్లల్ని సర్వీసులో చాలామందిని చూశాను. వాళ్లు బతిమాలతారు, అబద్ధం చెబుతారు, కాళ్లు పట్టుకుంటారు. ఇలా బిగుసుకుపోయిన పిల్లను చూసింది అదే మొదలు.

సోమవారం విచారణ అన్నారు. పరీక్షల పనులు చూసే కోఆర్డినేటర్ మన అమ్మాయే, కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే చదువుకుని ఉద్యోగంలో చేరింది. పరీక్ష ముగిశాక స్టాఫ్ రూములో నా ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పింది.

"పేరు తీసేస్తరట అంకుల్. స్కూల్ల పేరు లేకుంటే ఆమె స్టడీ పర్మిట్ ఏమైతదో నాకు తెల్వది. వాపస్ పోవుడే అయితదేమో."

"ఆమె దొంగతనంగా రాయలేదమ్మా. అందరి ఎదుటా, పుస్తకం తెరిచి పెట్టుకుని రాసింది. కాపీ కొట్టేవాళ్లు అలా చేస్తారా?"

"మీరు గట్టిగ మాట్లాడకండి, గోడలు పల్చగుంటయి. నా పీఆర్‌కు ఎంప్లాయర్ లెటర్ గీయననే ఇయ్యాలె. నేనైతే నోరు తెరువను, ముందే చెప్తున్నా."

ఇక్కడ స్థిరనివాసం దొరకడానికి వైస్ ప్రిన్సిపాల్ ఉత్తరం మీద ఆధారపడిన ఆమెను తప్పుపట్టలేకపోయాను. ఆ భవనంలో భయపడని మనిషి ఒక్కడే, ఆయన మా ఇద్దరికీ పైవాడు. "పోనీ, ఆ పిల్లను ఒకసారి పిలువు. నువ్వు పక్కన ఉంటే చాలు, నేనే అడుగుతాను" అన్నాను.

ఆ అమ్మాయి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఎందుకు వెనక్కి తిప్పావని నేను అడగలేదు. ఆ ప్రశ్నకు ఆమె 'సారీ' తప్ప ఏమీ చెప్పదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. "మీ ఊళ్లో ఈ పరీక్ష ఎలా పెడతారో నాకు తెలియదు, చెప్తావా" అని ఇంగ్లిష్‌లో అడిగాను. మొదట కోఆర్డినేటర్ వైపు చూసింది. తర్వాత చేతులతో గాల్లో ఒక హాలు కట్టి చూపించింది.

గోడకు పైన స్పీకరు. పెద్ద పరీక్ష రోజున ఆ వీధిలో కార్లు కూడా హారను కొట్టవు. చిన్న సంభాషణలు ఒకసారి వస్తాయి, పెద్దవి రెండుసార్లు. వింటూ జవాబు ప్రశ్నపత్రం మీదే గుర్తు పెట్టుకోవాలి. అన్నీ అయిపోయాక జవాబులు షీటులోకి ఎక్కించుకోమని అదే స్పీకరు చెబుతుంది, అందుకు సమయమిస్తుంది. చిన్న తరగతుల నుంచీ అంతే. "మధ్యలో షీటు ముట్టుకుంటే వినడం తప్పిపోతుంది అని మా టీచరు కోప్పడేది" అంది. "ఇవాళ కూడా ఆ మాట వస్తుందని చూశాను. రాలేదు. నేనే వినలేకపోయానేమో అనుకున్నాను."

నేను రాసి పెట్టుకున్న ఖాళీ జవాబులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ పిల్లల చెవులకు ఏ లోపమూ లేదు. ఎవరూ ఇవ్వని సమయం కోసం వాళ్లు ఎదురుచూశారు.

అమ్మాయి వెళ్లాక కోఆర్డినేటర్‌తో అన్నాను: "మన పిల్లల్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే ఏం చేస్తారు? ఆఖర్లో అడిషనల్ షీట్లు కట్టుకోవడానికి దారం కోసం చెయ్యెత్తుతారు."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. "నేను మార్జిన్లు గీసిన అంకుల్. ఈడ ఫస్ట్ సెమిస్టర్ ఎగ్జామ్ల స్కేలు వెట్టి, అన్ని పేజీలకు. ప్రొఫెసర్ వచ్చి ఏం జేస్తున్నవు అంటే, సార్, మార్జిన్ అన్న. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. టైము సాలక ఆఖరి క్వశ్చన్ ఇడిసిపెట్టిన." మళ్లీ తనే, "అప్పుడు నన్ను పట్టుకుని పేరు తీసేస్తే ఏం చెప్పుకునేదాన్ని?" అంది. ఈసారి నవ్వలేదు.

ఆదివారమంతా నేను ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. మా ఆవిడ విసుక్కుంది. "మీరు కూర్చుంటారా, లేకపోతే నేను నిలబడనా? రేపు మీ నోరు కాస్త అదుపులో పెట్టుకోండి. మీ కోపం చూసి ఆయనకు ఇంకా మొండితనం వస్తే నష్టపోయేది ఆ పిల్ల." నా భయమూ సరిగ్గా అదే. కోపం నాది, శిక్ష ఆమెది.

సోమవారం చిన్న గదిలో నలుగురం కూర్చున్నాం. వైస్ ప్రిన్సిపాల్ అడిగాడు: వెనక్కి తిప్పావా? అవును. నిబంధన చదివి వినిపించారా? అవును. తప్పని ఒప్పుకుంటున్నావా? అవును. పెద్దవాడు అడిగితే 'అవును' అనడం తప్ప వేరే మర్యాద తెలియని పిల్ల, తన టిక్కెట్టు తానే చింపుకుంటోంది. ఆయన కలం తీశాడు.

"మీ నిబంధనను ఆమె మీరిన మాట నిజం. ఎందుకు మీరిందో చూపించడానికి అవకాశమివ్వండి" అన్నాను. సాధ్యమైనంత మెల్లగా అన్నాను. వాళ్ల పరీక్షా విధానం వివరించాను.

"మీరు ఇన్విజిలేటర్. ఆమె లాయరు కాదు" అన్నాడాయన.

అప్పుడు, నోరు తెరవనని చెప్పిన కోఆర్డినేటర్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "ప్రాక్టీసు రికార్డింగ్ ఒకటి ఉంది సార్. కొద్దిసేపే పడుతుంది" అని, ఆయన సరేననేలోపే బయటికి వెళ్లి స్పీకరు పట్టుకొచ్చింది. దాని ప్రశ్నల పుస్తకం, జవాబుల షీటు అమ్మాయి ముందు పెట్టింది.

రికార్డింగ్ నడిచింది. అమ్మాయి పుస్తకం అంచున చిన్న అక్షరాలు వేసింది. స్పీకరు ఆగింది. ఆమె పెన్సిలు కింద పెట్టి, తలెత్తి, ఎదురుగా గోడ పైభాగం వైపు చూసింది. అక్కడ ఫైర్ అలారం తప్ప ఏమీ లేదు. జవాబుల షీటు ఆమె చేతికి ఆనుకునే ఉంది. ఆమె కదలలేదు.

"దేనికోసం చూస్తోంది?" అన్నాడు వైస్ ప్రిన్సిపాల్, చివరికి.

"ఇప్పుడు ఎక్కించుకో" అని కోఆర్డినేటర్ ఇంగ్లిష్‌లో చెప్పింది. పెన్సిలు కదిలింది. దిద్ది చూస్తే ఒకటి రెండు తప్ప అన్నీ సరైనవే.

పేరు తీసేయలేదు. కానీ ఫైలులో హెచ్చరిక ఉంటుందన్నారు. వినే భాగానికి సున్నా అలాగే ఉంటుందన్నారు. వచ్చే పరీక్షలో మళ్లీ రాయాలి, అప్పుడు ఇలాంటిదేదైనా జరిగితే మాట్లాడేది లేదన్నారు. పరీక్షకు ముందు ఒక్క వాక్యం అదనంగా చదవనివ్వమని నేను రాసిన మొదటి ఉత్తరం అప్పటిదే. సూచనల పాఠం మార్చే అధికారం మాకు లేదని ఆయన నోటిమాటగా చెప్పాడు. పిల్లల్ని ఇంటికి పంపేసే అధికారం ఉంది, వాళ్లకు ఒక్క వాక్యం చెప్పే అధికారం లేదు! ఆ సంగతే అడుగుతూ రెండో ఉత్తరం రాశాను.

తర్వాతి పరీక్ష నాటికి మంచు కరిగింది. అదే హాలు, ఆ అమ్మాయికి మళ్లీ మూడో వరుస. తలుపు దగ్గర వైస్ ప్రిన్సిపాల్. సూచనలు చదవడం పూర్తయ్యాక నేను కాగితం కింద పెట్టి, నా సొంత మాటగా చెప్పాను: జవాబులు ఎక్కించుకోవడానికి వేరే సమయం ఇవ్వరు, వింటూనే షీటు మీద గుర్తుపెట్టండి. అదే మాట మళ్లీ చెప్పాను. తలుపు వైపు చూడలేదు. హాలంతా షీట్లు పుస్తకాల మీదికి జరిగిన చప్పుడు వినిపించింది.

వినే భాగం సాఫీగా గడిచింది. ఆ అమ్మాయి షీటు నిండింది. నేను ఊపిరి పీల్చుకుని వరుసల మధ్య నడుస్తుంటే, చదివే భాగంలో ఆమె ఆగిపోయి కనిపించింది. పాఠం ఒక పేజీలో ఉంది, ప్రశ్నలు దాని వెనక పేజీలో. పాఠం మళ్లీ చూసుకోవాలంటే కాగితం వెనక్కి తిప్పాలి. అది నిబంధన ప్రకారం తప్పేమీ కాదు. ఆమె తిప్పలేదు. ఎడమ అరచేతితో పేజీని బల్లకు అదిమిపెట్టి, గుర్తున్నంతవరకు జవాబులు వేసుకుంటోంది. అది దానంతటది తిరిగిపోతుందేమో అన్నట్టు వేళ్లు తెల్లగా అయ్యేదాకా అదిమింది.

ఇన్విజిలేటర్ పరీక్ష మధ్యలో మాట్లాడకూడదు. నేను హాలు ముందుకు వెళ్లి నిలబడి మాట్లాడాను. చదివే భాగం లోపల ఎన్నిసార్లయినా పేజీలు వెనక్కి తిప్పుకోవచ్చు, అది తప్పు కాదు అన్నాను. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఒక మూల కాగితం తిరిగింది, ఇంకో మూల ఇంకోటి, ఆపైన నేను ఊహించనన్ని. ఇంతమంది అరచేతులతో పేజీలు అదిమిపెట్టుకుని కూర్చున్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. తలుపు వైపు చూసింది. వైస్ ప్రిన్సిపాల్ అక్కడే ఉన్నాడు. ఆయన ఏమీ అనడని నమ్మకం కుదిరేదాకా చూసి, అరచెయ్యి ఎత్తి, కాగితాన్ని చప్పుడు కాకుండా వెనక్కి తిప్పింది.