మా మరిది మడి

బళ్లారి బజారులోని మా బట్టల అంగడికి తంతి వచ్చేదాకా మా మరిదికి ఒంట్లో బాగాలేదని కూడా మాకు తెలియదు. గొర్రెలనూ మనుషులనూ ఒకేలా చంపే, ఆంత్రాక్స్ అనే దొమ్మరోగం మీద ఊరుగాని ఊళ్లో పరిశోధన చేస్తూ, ఆ రోగమే ఊపిరితిత్తులకు సోకి అతను పోయాడు. నేను కాపురానికి వచ్చేనాటికి చిన్న లాగు తొడుక్కునే పిల్లవాడు. ఇది రాస్తుంటే ఏడుపుకంటే ముందు కోపం వస్తోంది. అంత తెలిసినవాడివి, నీ సంగతి చూసుకోవద్దూ?

మా అత్తగారిది గట్టి మడి. స్నానం చేసి, దండెం మీద విడిగా ఆరేసిన చీర కట్టుకుంటే ఇక కన్నకొడుకైనా తగలకూడదు. చచ్చిన గొర్రెల నెత్తురు పరీక్షించే కొడుకంటే చెప్పాలా! అతను సెలవుకు వస్తే వాకిట్లో వేడినీళ్లు పెట్టి దూరంగా జరిగేది. అతనూ అంతే. బట్టలు అక్కడే నానబెట్టి, మోచేతులదాకా సబ్బు రుద్దుకున్నాకే మా పిల్లలను ఎత్తుకునేవాడు.

"ఏందప్పా, నువ్వూ మడి కట్టినావా?" అని నేను ఆటపట్టించేదాన్ని.

"అమ్మ మడి దేవునికి, నా మడి పిల్లోళ్లకి వదినా" అని నవ్వేవాడు.

"ఆ పని ఇడిసిపెట్టి అంగట్లో కూర్చోరా నాయనా. పక్కన కూచోబెట్టుకోని అన్నం పెడతా" అని అత్త ప్రతి సెలవులోనూ అడిగేది.

"ఆ క్రిమిలో విషం యాడ పుడతాందో కనుక్కోనీమ్మా. ఆ పొద్దు వచ్చి నీ ఒళ్లోనే కూర్చుంటా" అనేవాడు.

ఒకసారి హచ్చొళ్ళికి పెళ్లికి పోతున్నాం. దారి పక్కన ఒక కాపరి చచ్చిన గొర్రె తోలు ఒలవడానికి కత్తి నూరుతున్నాడు. మా మరిది బండి ఆగకముందే దూకేశాడు.

"కోయొద్దప్పా! దొమ్మ అయితే నెత్తురు పడిన నేలంతా రోగమే. తోలుతోనే పూడ్చల్ల."

"తోలు గూడా మన్నులో పెడితే మాకేం మిగుల్తాది సామీ?"

"మీరు మిగుల్తారప్పా" అని పార అందుకున్నాడు. ముహూర్తం దాటిపోతోందని బండిలోంచి నేను తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. అతను తవ్వుతూనే ఉన్నాడు. పెళ్లింటికి చేరాక బావి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉండిపోయి, తాళి కట్టడం చూడనే లేదు.

తంతి అందగానే రైలెక్కాం. మేం ఆసుపత్రికి చేరేసరికి అతన్ని గుడ్డల్లో చుట్టేశారు. ముఖం కూడా కనపడలేదు.

"దగ్గరికి రాకండి. ఇంటివాళ్లను, అందులోనూ అమ్మను తాకనివ్వొద్దని ఆయనే చెప్పిపోయారు" అన్నాడు డాక్టరు.

అత్త తలుపు దగ్గర రెండు చేతులూ చాచింది. "ఈ పొద్దు నాకు మడీ లేదు, ఏమీ లేదు. ఒక్కసారి ముట్టుకోనీ సామీ" అని బతిమాలింది. చివరికి నేనే ఆమెను పట్టుకుని వెనక్కి లాగాను. అతని ఆఖరి కోరిక అది, లాగక ఏం చేయను? జీవితమంతా చేతులు కడుక్కుంటూ బతికినవాడికి కడసారి చెంబెడు నీళ్లు పోయలేకపోయాం.

మొన్న కబురు విని ఆ కాపరి వచ్చి అంగడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. "మంద ఉండాది, నేనుండా. సామి యాడ పాయనమ్మా?" అన్నాడు.

ఆసుపత్రినుంచి తిరిగొచ్చిన రోజే అత్త, పోయిన సెలవులో అతను వదిలిపోయిన చొక్కా ఉతికింది. ఎవరి గుడ్డా సోకనివ్వని తన దండెం మీద, మడిచీర పక్కనే ఆరేసింది. రెండూ ఎప్పుడో ఆరిపోయాయి. ఆమె తీయదు, మమ్మల్ని తీయనివ్వదు. గాలి వచ్చినప్పుడల్లా చొక్కా చేయి వెళ్లి ఆ చీరకు తగులుతోంది.